నల్ల ఇసుక అంటిన మైనం

ఇది ఇన్నాళ్ళూ రాయలేదంటే నాకు రాయడం రాదు కనక. యాభయ్యికి దగ్గరపడ్డాక గాని అక్షరాలు నా దగ్గరికి రాలేదు. అంతవరకు బ్యాంకులోనైనా రేషన్ షాపులోనైనా వేలిముద్రే. మా వీధి చివర అంగన్‌వాడీ గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారంటే, నవ్వుతారేమోనని నాలుగు రోజులు బయటే తచ్చాడి, ఐదో రోజు వెళ్ళి కూర్చున్నాను. రెండేళ్ళు పట్టింది. వేరేవాళ్ళ చేత రాయించుకోవచ్చు కదమ్మా అని మా అమ్మాయి అంటుంది. రాయించాలంటే ముందు ఆ మనిషికి చెప్పాలి. వింటూ వింటూ వాళ్ళ మొహం ఎలా మారుతుందో చూడాలి. కాగితానికి ఆ బాధ లేదు.

మొన్న మంచు రోజుల్లో నా మడమలు పగిలి నెత్తురు వస్తుంటే, అమ్మాయి కొవ్వొత్తి ముక్క కొబ్బరినూనెలో వేసి గరిటెలో కరిగించింది. ఆ వాసన వసారాలోకి వచ్చింది. అది గరిటె పట్టుకుని వచ్చేసరికి రెండు కాళ్ళూ చీర కిందికి లాగేసుకున్నాను. చల్లారిపోతుంది, కాళ్ళు చాపు అని అది విసుక్కుంది. ఆ రాత్రే పలకా బలపం పక్కనపెట్టి నోటుపుస్తకం తీశాను.

ఊరు విడిచేనాటికి నాకు పదహారు దాటి పదిహేడు. పాస్‌పోర్టులో మాత్రం ఇరవై ఏడు. మా నాన్న కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీంచి పడ్డాక ఎక్కడం మానేశాడు. అమ్మ పీచు వడికేది. ఫోటో తీయించే ముందు ఏజెంటు నాకు చీర కట్టించి, బొట్టు పెద్దది పెట్టించి, నవ్వొద్దన్నాడు. నవ్వితే వయసు తెలిసిపోతుందట. అలా నవ్వకుండా కువైటు వెళ్ళాను.

మా ఇల్లు, అంటే నేను పని చేసిన ఇల్లు, సాల్మియాలో. ఇంటావిడని అక్కడ పనివాళ్ళందరం మామా అనే పిలుస్తాం, వాళ్ళ మాటలో అమ్మ అని. మామా, మంచంలో ఉన్న వాళ్ళమ్మ, కూతురు. కూతురికి నాకంటే ఏడాదో రెండేళ్ళో ఎక్కువ. ఇంటాయన ఎక్కడో దూరదేశంలో సర్కారు కొలువు. వంట చేసే ఆవిడ మన మనిషే, రాయచోటి సాయిబులావిడ. నేను అక్కా అనేదాన్ని. నేను మాటకి ముందు "ఆయ్" అంటే ఆవిడకి నవ్వు. "ఏందిమే, ఎవరో గిచ్చినట్టు ఆయ్ ఆయ్ అంటావు" అనేది. నా గోదారి మాట ఆవిడకి వేళాకోళం, ఆవిడ కడప మాట నాకు వేళాకోళం. ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు వేసి ఉడికించే వాళ్ళ కూరలు మాకు సయించేవి కావు. బియ్యం డబ్బా వెనక ఎండుమిరపకాయల పొట్లం దాచుకుని, మామా నిద్రపోయే వేళ టమాటా పచ్చడి నూరుకునేవాళ్ళం. ఘాటు పోవడానికి వెంటనే సాంబ్రాణి వేసేవాళ్ళం. మామా లేచి వచ్చి, ఈ వేళప్పుడు సాంబ్రాణి ఎందుకని అడిగేది. ముసలమ్మగారికి గాలి మంచిదని అక్క చెప్పేది. మామా మమ్మల్నిద్దర్నీ దగ్గరికి పిలిచి, మా చేతులు వాసన చూసేది.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. తిండికి లోటు చేయలేదు, పండగకి బట్టలు పెట్టేది. కాని నమ్మకం అనేది ఆవిడ ఒంట్లో లేదు. తువ్వాళ్ళు వాసన చూసేది, కూతురి సంచీ వాసన చూసేది, ఫోను మాట్లాడాక ఆ గొట్టం కూడా ముక్కు దగ్గర పెట్టుకునేది. తన జుట్టూ కూతురి జుట్టూ దువ్వెన నుంచి తానే తీసి, గుడ్డలో చుట్టి, ఎక్కడ పారేసేదో మాకు తెలియనిచ్చేది కాదు. పనిమనుషులు యజమానుల వెంట్రుకలతో చేతబడి చేస్తారని అక్కడి ఆడవాళ్ళు చెప్పుకుంటారు. శుక్రవారం శుక్రవారం బొగ్గుల మీద పటిక వేసేది. మా ఊళ్ళో గుమ్మానికి కట్టుకునే పటికే. అది పొంగి గడ్డకట్టాక ఆకారం చూసి, ఎవరి కన్ను పడిందో చెప్పేది. ఒక వారం ఆడపడుచు, ఒక వారం పక్కింటావిడ. ఆ చలికాలం మాత్రం వరసగా మూడు వారాలు జడ వేసుకున్న ఆడమనిషి కనిపించింది. ఆ ఇంట్లో జడ వేసుకునేది నేనొక్కదాన్నే.

"రేపట్నించి కొప్పు పెట్టుకో" అంది అక్క. నవ్వుతూనే అంది, కాని నా గిన్నెలో కూర వడ్డించేటప్పుడు కాస్త ఎడంగా నిలబడినట్టు నాకనిపించింది.

మామా అనుమానాలకి ఆ ఏడాది ఒక కారణం ఉంది. ఆవిడ అన్నయ్య తెచ్చిన సంబంధం కూతురు వద్దంది. వద్దని ఎందుకంటోందో చెప్పదు. సరిగ్గా తినదు. చలికాలంలో కూడా మొహం ఎండకి కమిలినట్టు ఉంటుంది, జుట్టు కొసలు రంగు మారి చీపురు పుల్లల్లా అయిపోయాయి. నా కూతురికి ఎవరో ఏదో పెట్టారని మామా అందరితో చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళకి షుఐబా దాటాక దక్షిణాన సముద్రపొడ్డున ఒక ఇల్లుంది. సెలవుల్లో ఉండే అలాంటి ఇంటిని అక్కడ షాలే అంటారు. సెలవులివ్వగానే వంటసామానూ ముసలమ్మ మందులూ సర్దుకుని అందరం అక్కడికి వెళ్ళాం. దారిలో షుఐబా చమురు ఫ్యాక్టరీల పొగగొట్టాల మీద పగలు కూడా మంట వెలుగుతుండేది. గాలి అటునుంచి తిరిగితే షాలే వరండాలో కూర్చున్నా కిరసనాయిలు వాసన. చుట్టుపక్కల ఇళ్ళన్నీ వారాంతాల్లో తప్ప తాళాలు. ఇసుక, మెట్లు, నీళ్ళు. మనిషి కనపడడు.

వెళ్ళిన రెండో రోజే సామాను గదిలో నీళ్ళ ట్యాంకు వెనక ఒక బల్ల చూశాం. మనిషి పొడవు ఉంది, తెల్లగా, రెండు కొసలా సన్నంగా, పాత తివాచీలో చుట్టి. నేను ఇస్త్రీ బల్ల అనుకుని కాళ్ళు ఎక్కడున్నాయా అని వెతికాను. అక్క మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వాళ్ళలో పోయినవాళ్ళకి స్నానం చేయించే పలక అచ్చం అంతే ఉంటుందట.

"దాని జోలికి పోబాక మే. ఇంట్లో ముసలామె ఉంది, ఎవరో ముందే తెచ్చి పెట్టుకున్నారు" అని చెవులు పట్టుకుని ఏదో చదువుకుంది.

ముసలి తల్లి చావు కోసం చూస్తూ మామాయే ఆ పలక దాచిందని మేమిద్దరం తీర్మానించుకున్నాం. రెండు రోజులు ముసలమ్మకి పాలు కూడా మేమే ముందు రుచి చూసి తాగించాం. అనుమానం ఆవిడ నుంచి మాకెప్పుడు అంటుకుందో తెలియలేదు.

అప్పుడే మామా నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. తెల్లవారుజామున నమాజు చేసుకుని తాను మళ్ళీ పడుకున్నాక, కూతురు బయటికి వెళుతోందని ఆవిడకి తెలిసింది. తివాచీ మీద తడి ఇసుక కనిపించిందట. "దాని వెనకాల వెళ్ళు. ఎవణ్ణి కలుస్తోందో చూసి నాకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నీకూ అందులో భాగం ఉందనుకుంటాను" అంది. వంటింటి అరబ్బీ నాకు అప్పటికి బాగానే వచ్చు. నాకేం తెలియదని తప్పించుకునే వీలు లేకపోయింది.

మర్నాడు చీకటి విడుస్తుండగా వెళ్ళాను. ఆగ్నేయం గాలి తడితడిగా కొడుతోంది. మామూలు రోజుల్లో అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. ఆ గాలి రెండు రోజులు పట్టిందంటే మాత్రం, కాస్త లోపల ఉన్న ఇసుక దిబ్బ మీద నడుమెత్తు అలలు లేస్తాయి. నేను మెట్ల పక్కన గోడ చాటున కూర్చున్నాను. ఆ పిల్ల మెడ నుంచి మడమ దాకా నల్లటి రబ్బరు బట్టలు వేసుకుని, ఆ శవాల బల్లనే చంకన పెట్టుకుని నీళ్ళలోకి నడిచింది. దాని మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ దిబ్బ దాటి లేచి కూర్చుంది. ఒడ్డుకి వీపు పెట్టి. అలా చాలాసేపు కదలకుండా.

ఎవరి కోసం చూస్తోంది? పడవ వస్తుందా? పడవలో మనిషొచ్చి ఎక్కించుకుపోతే మామా నన్నే కదా అడుగుతుంది. లేకపోతే ఈ పిల్ల చచ్చిపోదామని వచ్చిందా, మనసు మార్చుకుంటోందా? అరవాలా, పరుగెత్తాలా అనుకుంటుండగా వెనక నుంచి ఒక అల వచ్చింది. ఆ పిల్ల గబగబా చేతులు వేసి, ఒక్క ఉదుటున లేచి నిలబడింది. నీళ్ళ మీద. అల ఆమెని ఒడ్డుకి తెస్తోంది, ఆమె కాళ్ళు మడిచి చేతులు చాపి ఊరికే నిలబడి ఉంది. నేను గోడ చాటు మరిచిపోయి లేచి నిలబడ్డాను. అలా ఆమెకి దొరికిపోయాను.

తడి చేత్తో నా మెడలోని తాయెత్తు పట్టుకుని అడిగింది, మా అమ్మ పంపిందా అని. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే తెలిసిపోదా. ఆ తాయెత్తు మీద ఒట్టు వేయించుకుంది, ఎవరితోనూ ఒక్క మాట చెప్పనని. తెలిస్తే బల్ల విరగ్గొడతారు, చదువు మాన్పిస్తారు, మామయ్య తెచ్చిన సంబంధం ఆ నెలలోనే చేసేస్తారు అంది. నేను ఒట్టు వేశాను. భయంతో వేశానా, ఆ నిలబడ్డం చూసి వేశానా అంటే చెప్పలేను.

ఆ రోజు నుంచి ఇద్దరికీ నేనే. మామాకి వేగురాలిని, కూతురికి కాపలాదారుని. ఆ పిల్ల నీళ్ళలో ఉన్నంతసేపూ నేను మెట్ల మీద కూర్చుని ఇంటివైపూ, సైకిల్ మీద తిరిగే వాచ్‌మన్ వైపూ చూస్తూ ఉండాలి. ఇంట్లోకి వెళ్ళాక, అమ్మాయి గవ్వలు ఏరుకుంటోంది మామా, అని చెప్పాలి. సాక్ష్యానికి ముందురోజు మధ్యాహ్నమే నేను గవ్వలు ఏరి దాచి ఉంచేదాన్ని. మామా వాటిని గిన్నెలో వేసి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవి ఎండిపోయి ఉన్నాయే" అనేది. తర్వాత తడిపి ఇవ్వడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నాలు సామాను గదిలో బల్లకి పని ఉండేది. కాళ్ళు జారకుండా దాని మీద మైనం రుద్దుతారు. పాతది గట్టిపడితే గీకేసి కొత్తది రుద్దాలి. నేను ప్లాస్టిక్ ముక్కతో గీకుతుంటే ఆ పిల్ల కబుర్లు చెప్పేది. వాళ్ళ నాన్న కొలువు ఒక ద్వీపంలోనట. రెండు వేసవులు తాను ఆయన దగ్గరికి వెళ్ళింది. అక్కడ కొండలోంచి పొగ వస్తుంది, ఎప్పుడో ఆ కొండ కక్కిన నిప్పే చల్లారి నేలయింది. సముద్రపు ఇసుక పొయ్యి బూడిదకంటే నల్లగా ఉంటుంది, మధ్యాహ్నం కాలు పెట్టలేం. ఊరికి దూరంగా ఒక చిన్న ఒడ్డు. ఇద్దరు జాలర్లూ, చేపలు ఎండబెట్టే ఒక ముసలామే తప్ప ఎవరూ రారు. ఆ ముసలామె మనవరాలు ఈమెకి అలల మీద నిలబడ్డం నేర్పింది. మొదటి వేసవంతా పడ్డం నేర్చుకోవడమే సరిపోయిందట. "అక్కడ నన్ను ఎవరూ చూసేవాళ్ళు కాదు. చూడకపోవడం అంటే నీకు తెలుసా?" అంది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

నేను గీకిన మైనంలో ఆ నల్ల ఇసుక ఇంకా ఉంది. రెండో వేసవిలో అంటుకున్నది. ఆ పిల్ల వెంట్రుకలు కూడా పొడుగ్గా నాలుగైదు చిక్కుకుని ఉన్నాయి. కాని ఆ మైనానికి కొబ్బరి వాసన. అచ్చం నాన్న చొక్కా వాసన. ముక్కు దగ్గర పెట్టుకుంటే మా పెరడు కనబడేది. పారేయడానికి చెయ్యి రాలేదు. పైగా బ్లీచింగు నీళ్ళతో రోజూ గచ్చు కడిగి కడిగి నా మడమలు నెర్రెలిచ్చి ఉన్నాయి. మా అమ్మ మైనం, కొబ్బరినూనె కలిపి కాచి రాసేది. అలా రాసుకోవచ్చని, గీకినదంతా ముద్ద చేసి, గుడ్డ పేలికలో పెట్టి, నల్ల దారంతో మూడు ముడులు వేసి నా ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాను. చేస్తున్నది ఏమిటో అప్పుడు నాకు తోచలేదు. గుడ్డ, దారం, ముడులు, వెంట్రుకలు, నల్లటి పొడి.

మామా మా పెట్టెలు వెతికేది వారానికోసారి. ఆ మూట ఆవిడ చేతికి దొరికిన రోజు ఆవిడ కేకలు వేయలేదు. అదే నన్ను భయపెట్టింది. మూటని ఉప్పు పోసిన పళ్ళెంలో పెట్టి, వాళ్ళ అన్నయ్యకి ఫోను చేసింది. ఆయన మధ్యాహ్నం నమాజు వేళకి ఊళ్ళోంచి వచ్చేశాడు. హాల్లో అందరూ కూర్చున్నారు. ముసలమ్మ చక్రాల కుర్చీలో జపమాల తిప్పుతోంది. కూతురు కిటికీ పక్కన కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. మాటలు అటూ ఇటూ చెప్పడానికి అక్కని నా పక్కన నిలబెట్టారు.

ఇది ఏమిటి అన్నారు. కాళ్ళకి రాసుకునే మందు అన్నాను. మైనం ఎక్కడిది అన్నారు. ఒడ్డున దొరికింది అన్నాను. నా కూతురి వెంట్రుకలు ఇందులో ఎందుకున్నాయి అంది మామా. కింద పడి ఉంటే అంటుకున్నాయేమో అన్నాను.

"నా ఇంట్లో వెంట్రుకలు కింద పడవు" అంది మామా.

నేను ఆ పిల్ల వైపు చూశాను. ఒక్క మాట ఆమె చెబితే చాలు. ఆమె గోళ్ళ మీంచి కళ్ళెత్తలేదు.

నాకు అప్పుడొక తెలివి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గరిటె, నూనె తెచ్చుకుంటానన్నాను. చేతబడి సామానైతే ఎవరైనా తమ కాళ్ళకే రాసుకుంటారా? అందరూ చూస్తుండగా మూటలోది చిటికెడు తీసి, హాల్లోని సాంబ్రాణి కుంపటి మీద నూనెలో కరిగించి, వేడివేడిగా పగుళ్ళలో రాసుకున్నాను. కాలింది. అయినా రాసుకున్నాను. తలెత్తి చూస్తే మామా వాళ్ళ అన్నయ్య గోడ దాకా వెనక్కి జరిగి ఉన్నాడు. మన కళ్ళముందే చేస్తోంది చూశారా అంటూ ఖురాను మాటలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

ఆయన ఒక కాగితం రాశాడు. సిరా దిండు కూడా తెచ్చుకున్నాడు. ఇది నువ్వు పని మానేస్తున్నట్టు కాగితం, వేలిముద్ర వేస్తే రేపే టిక్కెట్టు కొని మీ ఇంటికి పంపిస్తాం అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వేలు సిరాలో పెట్టాను కూడా.

అక్క కాగితం మీదికి వంగి చూసింది. ఆవిడ ఖురాను చదువుకున్న మనిషి. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటుంది, అన్నిటికీ అర్థం తెలియదు. పెదవులు కదుపుతూ ఒక్కో వరసా చదివింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వేలు పెట్టబాక మే" అంది, మన మాటలో, మెల్లగా. "ఇందులో సెహర్ అని రెండు చోట్ల ఉంది. చేతబడి. నువ్వు చేసినానని ఒప్పుకున్నట్టు రాసినాడు. ఇది పోలీసుల కాడికి పోయే కాగితం."

సిరా వేలుని పిడికిట్లో మూసేశాను. అరచెయ్యంతా నీలమైంది. ఆయన చెయ్యి తెరవమన్నాడు. తెరవలేదు. మామా తెరవమంది. తెరవలేదు. రేపు మధ్యాహ్నం జొహరు నమాజు దాకా టైము, ఆ తర్వాత పోలీసులే వచ్చి తెరిపిస్తారని చెప్పి ఆయన వెళ్ళాడు. అక్కడ చేతబడి అంటే జైలు. పాస్‌పోర్టు మామా బీరువాలో. మా ఊరికి కబురు చేసేవాళ్ళు లేరు, నాకు రెండు ముక్కలు రాయడం రాదు.

వంటింట్లోకి వచ్చాక అక్క తలుపు దగ్గరగా వేసింది. "నాకన్నా నిజం చెప్పు. చేసినావా?" అంది. కాగితం చదివి కాపాడిన మనిషే అడిగింది. ఆ మాట దెబ్బకన్నా ఎక్కువ తగిలింది. లేదక్కా అన్నాను. మరి ఆ వెంట్రుకలు ఎట్లొచ్చినాయి అంది. చెప్పనని ఒట్టు వేశానక్కా అన్నాను. ఆవిడ ఉల్లిపాయలు తరుక్కోవడానికి అటు తిరిగి కూర్చుంది.

సాయంత్రం ఆ పిల్ల బట్టలారేసే చోటికి వచ్చింది. చెబుతుందనే అనుకున్నాను. రేపు పొద్దున్న మా అమ్మకి నేనే చెబుతాను అంటుందని, ఆ మాట కోసమే క్లిప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"తప్పు చేశానని ఒప్పేసుకో. నా కోసం. మహా అయితే ఇంటికి పంపేస్తారు. నీకు ఇంటికి వెళ్ళాలనే కదా" అంది.

కాగితంలో ఏముందో ఆమెకి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. అరబ్బీ ఆమె భాష. హాల్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, కాగితం టేబులు మీద ఉంది. తెలిసే అన్నదని కొన్నేళ్ళు అనుకున్నాను. తెలియకే అన్నదని కొన్నేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు రెండూ అనుకోవడం మానేశాను.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆ కాగితం మామాయే చింపింది. పనిపిల్ల అమాయకురాలు, ఎవరో ఫిలిప్పీను మనిషి దగ్గర కాళ్ళ మందు కొనుక్కుందని వాళ్ళ అన్నయ్యతో చెప్పింది. ఆయన నమ్మలేదు, కాని చెల్లెలి మాటకి ఎదురు చెప్పలేదు. నాకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మరో నాలుగేళ్ళు ఆ ఇంట్లోనే పని చేశాను. సామాను గదికి తాళం పడింది, తాళంచెవి మామా గుత్తిలో చేరింది. సంబంధం సంగతి ఆ ఏడాది ఎవరూ ఎత్తలేదు. రెండేళ్ళకి ఆ పిల్ల చదువుకని వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది, మామాయే పంపింది. వెళ్ళే దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళు కావాలన్నా అక్కనే అడిగేది. మామా మాత్రం నా చేతులు వాసన చూడ్డం మానేసింది. దానికి బదులు అప్పుడప్పుడు నేను పని చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూసేది, ఈ మనిషి కడుపులో ఇంకా ఏముందో అన్నట్టు. అక్క పోయి ఆరేళ్ళయింది. చివరిదాకా ఫోనులో, ఆ వెంట్రుకల కథ ఇప్పుడన్నా చెప్పు మే అని అడుగుతూనే ఉంది. చెప్పలేదు. ఆవిడకి చదువు వచ్చు కదా, బతికుంటే ఇది కూడబలుక్కునైనా చదివేది.

ఇక ఆ మర్నాడు పొద్దున్న.

రాత్రంతా గాలి ఆగ్నేయం నుంచే కొట్టింది. తెల్లవారుజామున నాకు మెలకువగానే ఉంది. సామాను గది తలుపు కిర్రుమంది. నన్ను పోలీసులకి ఇచ్చే రోజున కూడా ఆ పిల్ల అలల కోసం వెళుతోంది. ఆ సాయంత్రం అందరూ సాల్మియాకి తిరిగి వెళ్ళిపోవాలి, ఆమెకి అదే ఆఖరు పొద్దు. కాపలాకి నన్ను లేపలేదు. ఇక అవసరం లేదనుకుందో, నా మొహం చూడలేకనో.

నేను లేచి మొహం కడుక్కున్నాను. సిరా పోలేదు. మామా గదిలోకి పనివాళ్ళు పిలవకుండా వెళ్ళకూడదు. తలుపు తోసుకుని వెళ్ళాను. ఆవిడ నమాజు గుడ్డ కప్పుకునే మళ్ళీ నిద్రపోయింది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచి, అరవబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. నేను నోరు తెరవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఏడాదిన్నరలో ఆవిడని నేను ముట్టుకోవడం అదే. ఎక్కడికి, ఏమిటి అని రెండుసార్లు అడిగింది. పట్టుకుని లేపాను. ఎందుకో లేచింది. వరండా దాటి, చల్లటి ఇసుక మీద ఉత్తికాళ్ళతో, మెట్లు దిగి నీళ్ళ అంచు దాకా తీసుకెళ్ళాను.

ఆ పిల్ల దిబ్బకి అవతల బల్ల మీద కూర్చుని ఉంది. ఒడ్డుకి వీపు పెట్టి.

"ఎవరి కోసం చూస్తోంది?" అంది మామా.

ఆవిడ నా చెయ్యి విదిలించుకుని నీళ్ళలోకి వెళ్ళబోయింది. నేను వదల్లేదు. అప్పుడే లోపల నుంచి నీళ్ళు ఉబ్బడం కనిపించింది. అది దిబ్బ మీదికి వచ్చి లేచింది, ఆ పిల్ల చేతులు వేసింది, లేచి నిలబడింది. మామా వేళ్ళు నా వేళ్ళలో బిగుసుకుపోయాయి, ఎముకలు నొప్పి పుట్టేలా. అల ఆ పిల్లని మా వైపు తెస్తూ ఉంది, ఆమె ఇంకా మమ్మల్ని చూడలేదు, నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం మేమెవరం ఎప్పుడూ చూడలేదు.

నురగ మా కాళ్ళ దగ్గర ఆగాక బల్ల దిగి తలెత్తింది. ముందు వాళ్ళమ్మని చూడలేదు. నన్ను చూసింది.

నేను తల దించుకోలేదు.